ట్రిగ్గర్ల జాబితా, పెద్దమ్మ చోటు

చిన్నప్పటినుంచీ నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. నీ కాళ్లలో చక్రాలున్నాయే అని అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని పోయి పోయి డాక్యుమెంట్లు రాసే ఉద్యోగంలో పడ్డాను. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు వేరు. వాళ్లు చేసినదాన్ని ఎలా వాడాలో, వాడితే ఏం జరుగుతుందో రాసి పెట్టేదాన్ని నేను. కంపెనీ ఇంకో దేశంలో ఉంది. నేను యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, తామ్వే పేటలో, రెండో అంతస్తు కిటికీ పక్కన. కరెంటు వంతులవారీగా వస్తుంది కాబట్టి నా పని కూడా వంతులవారీగానే నడుస్తుంది. వచ్చేసరికి కూర్చోవాలి, పోయేలోపు పంపాలి. ఆ హడావుడి నా స్వభావానికి సరిగ్గా సరిపోయిందని నలుగురికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ వానాకాలం నాకు అప్పగించినది ఒక చిన్న పనిముట్టు. డేటాబేస్‌లో ఉన్న ట్రిగ్గర్లన్నిటినీ జాబితాగా చూపిస్తుంది, అంతే. డేటాబేస్ అంటే మరేం కాదు, గళ్లు గీసిన పట్టికలు. ట్రిగ్గర్ అంటే, ఒక పట్టికలో ఒక వరస చేర్చినా, మార్చినా, కొట్టేసినా, దాని వెనకాల దానంతటదే జరిగిపోయే ఇంకో పని. ఎవరూ పిలవనక్కర్లేదు. ఎవరూ చూడరు కూడా. ఎప్పుడో ఎవరో రాసి పెట్టి మరిచిపోయి ఉంటారు. మా పనిముట్టు అలాంటివాటిని వెతికి చెబుతుంది: ఏ పట్టిక మీద ఉంది, మార్పుకు ముందు జరుగుతుందా తర్వాతా, ఇప్పుడు పనిచేస్తోందా లేక ఆపేశారా, జరిగితే ఏం చేస్తుంది.

దాన్ని వాడేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు. మనం ఒక పని చెబితే, అది ఎలా చేయాలో తామే ఆలోచించుకుని చేసుకుపోయే ప్రోగ్రాములు. నేను రాసే డాక్యుమెంటు వాటి కోసం. ఇక్కడే నాకు మొదటినుంచీ ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. అంతకుముందు పదేళ్లు మనుషుల కోసం రాశాను. మనుషులు డాక్యుమెంటు చదవరు. చదివినా నమ్మరు, పక్కవాణ్ని అడుగుతారు. ఆ అడగడంలోనే సగం తప్పులు దొరికిపోతాయి. ఏజెంటు అలా కాదు. ప్రతి ముక్కా చదువుతుంది, చదివినదంతా నమ్ముతుంది. ఇంత నమ్మకస్తుడైన పాఠకుడు దొరకడం రచయితల అదృష్టం అంటారేమో గానీ, నాకు మాత్రం గుబులుగా ఉండేది. కుర్చీలోంచి లేచి గదిలో నాలుగు చుట్లు తిరిగి వచ్చి మళ్లీ కూర్చునేదాన్ని.

దాదాపు అంతా రాసేశాక, కంపెనీలో మా పైన ఉన్నావిడ ఒక ప్రశ్న పంపింది. ఏజెంటు ఒక పట్టిక పేరు చెప్పి, దీనిమీద ట్రిగ్గర్లు ఏమున్నాయని అడిగితే ఖాళీ జాబితా వచ్చిందనుకో, అప్పుడది ఏమనుకోవాలి? అది కూడా రాయి, అంది. కరెంటు పోవడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను రెండు నిమిషాల్లో రాసి పడేశాను: ఖాళీ జాబితా వస్తే, ఆ పట్టికలో మార్పు చేసినందువల్ల వెనకాల మరే పనీ జరగదు. చదువుకుంటే ముచ్చటేసింది. పొట్టిగా, శుభ్రంగా, అనుమానానికి చోటు లేకుండా ఉంది. పంపేసి పప్పు పొయ్యిమీద పెట్టడానికి వెళ్లాను. ఆ వాక్యం ఆ రోజే ఏజెంట్లకు చేరిపోయింది.

ఇప్పుడు పెద్దమ్మ గురించి చెప్పాలి. మా నాన్నగారి అన్న భార్య. మాకు రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది, డెబ్బై ఎనిమిదేళ్లు. పెదనాన్న పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన్ని తన్లిన్‌లో, నది దాటాక మా తెలుగు బాప్టిస్టు సంఘానికున్న చిన్న సమాధుల తోటలో పెట్టాం. ఆయన పోవడానికి చాలా ముందే సంఘంలో రెండు చోట్లు రాయించారు, ఒకటి తనకి, దాని పక్కది పెద్దమ్మకి. పెద్దమ్మ ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఆ చోటు దగ్గరికే వచ్చేది. కూర బాగుందంటే, నేను అక్కడికెళ్లాక మీకు ఎవరు వండుతారో అనేది. తెల్లచీర ఇస్త్రీ చేయించి పెట్లో పెట్టుకుంది. బ్రతికున్నన్నాళ్లూ అద్దె కొంపలే మారేం, ఈ ఊళ్లో నాదంటూ ఉన్నది ఆ ఆరడుగులే అనేది. ఎందుకే పెద్దమ్మా ఎప్పుడూ చావు మాటలు అని నేను విసుక్కునేదాన్ని. చావు మాట కాదే, ఇల్లు మాట, అనేది.

ఆ తోటలో చోటు అంటే మాటలు కాదు. కింద గోడవైపు నేల నదికి దగ్గర. వానాకాలం తవ్వితే మోకాలిలోతు నీళ్లు ఊరతాయి. శవపెట్టె తేలిపోకుండా వెదుళ్లతో అదిమిపట్టి మట్టి వేయాలి. అది చూసినవాళ్లెవరూ తమవాళ్లని అక్కడ పెట్టాలనుకోరు. అందుకని గేటు దగ్గరి ఎత్తు నేల కోసం సంఘంలో ఏళ్ల తరబడి కొట్లాటలు. పెద్దలు తమ చుట్టాలకే ఇచ్చుకుంటున్నారని ఒకరు, ఫలానావాళ్లు బర్మా పేర్లు పెట్టుకుని సంఘాన్ని మరిచారు, వాళ్లకెందుకని ఇంకొకరు. ఒకసారి ఆరాధన మధ్యలోనే కేకలు లేచాయి.

అప్పుడే ఉద్యోగంలో చేరినదాన్ని, కంప్యూటరుతో లోకాన్ని బాగుచేయొచ్చనే వయసు. నేను కడతాను చూడండి అని సంఘం పుస్తకాన్ని డేటాబేస్‌గా కట్టాను. సభ్యులకు ఒక పట్టిక, సమాధి చోట్లకు ఒక పట్టిక. చోట్ల పట్టిక మీద ఒక ట్రిగ్గర్ రాశాను. ఏ చోటు వరస అయినా అందులోంచి తొలగిపోతే, ఆ చోటు ఖాళీ అని గుర్తుపడుతుంది. ఎదురుచూసేవాళ్ల వరసలో ముందున్న ఇంటికి దాన్ని రాసేస్తుంది. సంఘపెద్ద ఫోనుకు మెసేజ్ పంపుతుంది. మధ్యలో మనిషి చెయ్యి తగలకూడదు, అదే దాని గొప్ప. ఒక ఆదివారం నన్ను లేపి నిలబెట్టి సంఘమంతా చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

ఇన్నేళ్లలో ఆ పుస్తకానికి ఒక చెదపురుగు పట్టింది. మాలో చాలామందికి రెండు పేర్లు. బాప్తిస్మం నాడు పెట్టినది ఒకటి, పౌరసత్వం కార్డులో రాయించుకున్న బర్మా పేరు ఒకటి. ఇంట్లో ఒకటి పిలుస్తారు, ఆఫీసులో ఒకటి. ఇందులో ఎవరికీ వింత లేదు. కానీ సంఘం పుస్తకంలో కొందరు ఒక పేరుతో ఒకసారి, ఇంకో పేరుతో ఇంకోసారి ఎక్కేశారు. ఒక మనిషే రెండు వరసల్లో ఉన్నాడు. సంఘపెద్ద, అంటే మేమంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన, దాన్ని శుభ్రం చేసి పెట్టమ్మా అని నెలల తరబడి నా వెంటపడ్డాడు.

ఒక గురువారం మధ్యాహ్నం నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. డాక్యుమెంటులో పెట్టడానికి ఒక నిజమైన ఉదాహరణ కావాలి. సంఘం పుస్తకంలో రెండేసి పేర్లు తీసేయాలి. మా పనిముట్టును ఏజెంటు చేతికిచ్చి సంఘం పుస్తకం మీదకి వదిలితే ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నకలు తీసుకుని దానిమీద చేయొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. నకలు మీద చేసి, సరిచూసి, మళ్లీ అసలు దానిమీద చేయడమంటే నాకు ప్రాణం పోయినంత పని. ముందు రోజుది ఒక కాపీ దాచి ఉంది కదా అనుకున్నాను. కొరివితో తల గోక్కున్నాను.

ఏజెంటు పద్ధతిగానే మొదలుపెట్టింది. పుట్టినతేదీ, తండ్రి పేరు, ఇంటి చిరునామా కలిసిన వరసల్ని జతలుగా ఏరింది. ప్రతి జతలోనూ పౌరసత్వం కార్డు వివరాలున్న వరసను ఉంచి, పాతదాన్ని తీసేస్తానంది. తీసేముందు, సభ్యుల పట్టిక మీద ట్రిగ్గర్లు ఉన్నాయా అని మా పనిముట్టును అడిగింది. ఖాళీ జాబితా వచ్చింది. నా వాక్యం చదువుకుని, ఈ మార్పు వల్ల వెనకాల మరే పనీ జరగదు, ముందుకు వెళ్లనా అంది. వెళ్లు అన్నాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ సంభాషణలో పేర్లు తీసేసి, ఉన్నదున్నట్టు ఎత్తి డాక్యుమెంటులో ఉదాహరణగా పెట్టుకున్నాను. ఎంత చక్కగా అడిగి చేసిందో చూడండి అన్నట్టు.

మర్నాడు పొద్దున్న, నేను మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తింటూ అదే పేజీని చివరిసారి చూసుకుంటుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఒలే, మనింట్లో ఎవులు పోనారే?"

"ఎవరూ పోలేదు. ఏం మాటలవి పొద్దున్నే?"

"మీ పెదనాన్న పక్కన గొయ్యి తవ్వుతన్నారట. తోటకాపరి పెళ్లాం ఇప్పుడే ఫోన్ సేసింది. మీ ఇంట్లో ఎవులు పోనారు, నాకు సెప్పనేదేటి అని అడుగుతంది. నానే పోనానేటి, నాకు తెలీకుండా?"

నవ్వాను. తోటకాపరి భార్య బర్మా ఆవిడ. రాళ్లమీద తెలుగు అక్షరాలు ఆవిడకు రావు, ఇంకెవరి పక్కనో చూసి పొరబడి ఉంటుందన్నాను. పెద్దమ్మ నమ్మలేదు. ఎనిమిదేళ్లుగా నెలనెలా ఆ రాయి కడుగుతున్న మనిషి పొరబడుతుందేటి, అని ఫోన్ పెట్టేసింది.

చెంచా కింద పెట్టి సంఘం పుస్తకం తెరిచాను. నెట్ నత్తలా నడుస్తోంది. పేజీ సగం వచ్చి ఆగింది, మళ్లీ వచ్చింది. పెద్దమ్మ పేరు సభ్యుల్లో ఒకసారే ఉంది, బర్మా పేరుతో. దానికెదురుగా చోటు గడి ఖాళీ. చోట్ల పట్టికకు వెళ్లాను. పెదనాన్న పక్క చోటు చిమిండైంగ్ పేటలో ఒక కుటుంబం పేరుమీద ఉంది, నిన్నటి తేదీతో.

అప్పుడు అర్థమైంది. పెదనాన్న చోటు రాయించింది పెద్దమ్మ బాప్తిస్మం పేరుతో. ఏజెంటు తీసేసింది ఆ పాత వరసనే. సభ్యుల్లోంచి ఒక వరస పోతే, దానికి కట్టి ఉన్న చోటు కూడా చోట్ల పట్టికలోంచి పోయేలా నేనే కట్టాను. ట్రిగ్గర్ ఉన్నది చోట్ల పట్టిక మీద. ఏజెంటు అడిగింది సభ్యుల పట్టిక గురించి. ఖాళీ జాబితా నిజమే. దాని కింద నేను రాసిన వాక్యమే అబద్ధం.

అంకుల్‌కు ఫోన్ చేశాను. వెనకాల పాటలు వినిపిస్తున్నాయి. చావింట్లో ఉన్నాడు.

"నీ మెసేజే కదమ్మా వొచ్చింది," అన్నాడు. "నిన్న మద్దేనం. పైన చోటు కాళీ, వరసలో ముందు ఈ ఇల్లు అని. నిన్న పొద్దున్నే ఈలింట్లో ముసలమ్మ పోయింది. దేవుడే సూపించినాడు అనుకున్నాం."

"అది పెద్దమ్మ చోటు అంకుల్. ఎవరి పక్కనో ఒక్కసారి చూడలేదా మీరు?"

ఆయన మెల్లగా అన్నాడు, "మనిషి సూడకూడదనే కదమ్మా నువ్వు పెట్టినావు."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ తిరిగి అరిచేదాన్ని, కొంచెం తేలికపడేదాన్ని. పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. తలుపుకు తాళం. కింది వాటాలో ఆవిడ, గొడుగు పట్టుకుని అప్పుడే టాక్సీ ఎక్కిందని చెప్పింది. నాకు టాక్సీ దొరకలేదు, తన్లిన్ బస్సు దొరికింది. ఎక్కాను.

ఆ బస్సులో నేను చేసినవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సీటు దొరికినా కూర్చోలేదు. డ్రైవరు వెనకాల నిలబడి, ముందున్న లారీని కదలమని కళ్లతో తోశాను. ముందు ఏజెంటును తిట్టుకున్నాను. తర్వాత ఖాళీ జాబితా గురించి అడిగినావిడను. తర్వాత, పోయినవాణ్ని తిట్టకూడదని తెలిసీ, పెదనాన్నను కూడా, కార్డులో పేరుతో రాయించి ఉంటే నీ సొమ్మేం పోయేదని. అందరినీ తిట్టడం అయిపోయాక నేనొక్కదాన్నే మిగిలాను. బ్రిడ్జి మొదట్లో బస్సు ఆగిపోయింది. వాన మొదలైంది.

ఆగిన బస్సులో, ఫోనులోనే, దాచి ఉంచిన బుధవారం నాటి కాపీని వెనక్కి పెట్టాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. పట్టికలో పెద్దమ్మ చోటు పెద్దమ్మకి వచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. తన్లిన్‌లో పార పట్టుకున్నవాడు పట్టిక చూడడు కదా. డాక్యుమెంటు కూడా తెరిచి ఆ వాక్యం కొట్టేశాను. ఖాళీ జాబితా అంటే అడిగిన పట్టిక మీద నేరుగా ఏ ట్రిగ్గరూ లేదని మాత్రమే, దానికి కట్టి ఉన్న మిగతా పట్టికల గురించి కూడా విడిగా అడగాలి, అని రాశాను. గొప్ప ఉదాహరణను కూడా పీకేశాను. ఇప్పుడు ఆ పేజీ చూసినవాళ్లకు ఆ రెండు పంక్తుల వెనక ఏముందో తెలియదు. ఏజెంట్లు మాత్రం అప్పటికి పదిహేను రోజులుగా పాత వాక్యాన్ని నమ్ముతూనే ఉన్నాయి. ఇంకెక్కడ ఎవరి వరస కొట్టేశాయో అని బస్సు కడ్డీ పట్టుకుని ఊగుతూ అదొక భయం.

తోటకు చేరేసరికి వాన తెరిపిచ్చింది. గేటు దగ్గర తోటకాపరి భార్య నన్ను చూసి తల తిప్పుకుంది. పెద్దమ్మ పెదనాన్న రాయి అంచున కూర్చుని ఉంది, గొడుగు ఒళ్లో పెట్టుకుని. ఆమె ముందు జానెడు దూరంలో గొయ్యి. తోటకాపరి నడుములోతు దిగి ఇంకా తవ్వుతున్నాడు. లోపల్నుంచి తీసిన మట్టి ఎర్రగా, ముద్దలుగా ఉంది, ఊట నీళ్లు లేవు. మంచి నేల.

పెద్దమ్మకు అంతా చెప్పాను. నిలబడి, రొప్పుతూ, పట్టికలు, ట్రిగ్గరు, రెండు పేర్లు, అన్నీ. వింటున్నంతసేపూ ఆమె గొయ్యినే చూసింది.

"అంటే నా పేరు నువ్వే కొట్టీసినావు," అంది.

"నేను కాదు పెద్దమ్మా, అది ఏజెంటు..."

"దానికి సెప్పిందెవులు?"

"నేనే."

"మరింక దాని ఊసెందుకు?"

నేను తోటకాపరిని బర్మాలో ఆగమన్నాను. అతను పెద్దమ్మ వంక చూశాడు. ఆమె ఏమీ అనకపోయేసరికి మళ్లీ పారెత్తాడు. నేను గేటుకీ గొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను, ఎన్నిసార్లో. ఎలాగైనా ఆపాలి. శవాన్ని తెచ్చే బండి రాకముందే ఆపాలి. కింద గోడ దగ్గర ఇంకో గొయ్యి తవ్వించాలి. నా తప్పే అని ఒప్పుకుంటాను, కాళ్లు పట్టుకుంటాను, ఆ ఇంటివాళ్లకు ఇంకేదైనా చేసి తీర్చుకుంటాను. ఆ తర్వాత పెద్దమ్మ చోటు పెద్దమ్మకే ఉంటుంది. నా బుర్రలో అంతకుమించి ఇంకేదీ లేదు.

బండి వచ్చింది. ముందు అంకుల్ దిగి నా దగ్గరికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "నువ్వు సెప్పమంటే కొడుక్కి సెప్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "కింద తవ్వాలంటే గంట పడతాది. నీల్లు వొస్తాయి. అయినా మరేటి సేస్తాం."

వెనక తలుపు తీసి కొడుకు దిగాడు. నా వయసువాడే. తెల్లచొక్కా వానకు తడిసి వీపుకు అంటుకుంది. పెట్టెమీద ఒక చెయ్యి పెట్టి ఉంచాడు, లోపల తల్లి పడిపోతుందేమో అన్నట్టు. నేను అంకుల్‌ను దాటి నేరుగా అతని దగ్గరికి వెళ్లాను. తమ్ముడూ, ఒక పొరపాటు జరిగింది, అని తెలుగులో మొదలుపెట్టాను. అతను అర్థమైనట్టు తల ఊపి, బర్మాలో, ఏం పొరపాటు అక్కా అని అడిగాడు.

"ఆగు," అంది పెద్దమ్మ.

ఎప్పుడు లేచిందో, గొడుగు కర్రలా పొడుచుకుంటూ వచ్చేసింది. నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఆ పట్టు ఇంకా గుర్తుంది, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిది కాదు.

"ఆడి తల్లిని బండిలో ఉంచి బేరమాడతావేటే?"

"బేరం కాదు పెద్దమ్మా, అది నీ చోటు."

"నాదే. నాకు తెలీదేటి?" నా చెయ్యి వదల్లేదు. "నాను సచ్చినాక నన్ను బండిలో ఉంచి, ముసలిదాన్ని కింద నీల్లల్లో పడీమని ఎవులైనా అంటే నువ్వూరుకుంటావేటి? తవ్విన గొయ్యి ఉత్తినే పూడ్చకూడదు. పెట్టీమను."

"మరి నువ్వు?"

"అది నువ్వు ముందే ఆలోసించాల్సింది."

ఆ తర్వాత ఆమె ఆ అబ్బాయి వైపు తిరిగింది. ఏ పొరపాటూ లేదు నాయనా, పెట్టె జాగర్తగా దించండి, నేల జారుతోంది, అంది. అతను చేతులు జోడించాడు. మా పెదనాన్న రాయి మీద కాలు పెట్టకుండా అందరూ ఒక పక్కగా సర్దుకున్నారు. అంకుల్ ప్రార్థన చేశాడు. పెద్దమ్మ పాట మొత్తం గట్టిగా పాడింది, పుస్తకం చూడకుండా. ఒక గుప్పెడు మట్టి కూడా వేసింది, తన చోటులోకి, తనకు ముఖం కూడా తెలియని మనిషి మీద. నేను వేయలేకపోయాను.

గుమ్మటంలా మట్టి పోసి, పూలు పరిచి, వాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆ అబ్బాయి పెద్దమ్మకు వంగి దండం పెట్టి, అమ్మకి ఎత్తు నేల దొరకదని చాలా బెంగపడ్డాం అన్నాడు బర్మాలో. పెద్దమ్మ అతని భుజం తట్టింది. బండి గేటు దాటాక ఆ చెయ్యి అలాగే గాల్లో కాసేపు ఉండిపోయింది.

"పెద్దమ్మా, నన్ను క్షమించు," అన్నాను.

"ఇప్పుడు కాదు," అంది. "నీ తప్పు నానింకా ఒగ్గీనేదు. ఎప్పుడు ఒగ్గీస్తానో నాకే తెలీదు." కొంగుతో ముక్కు తుడుచుకుని పెదనాన్న రాయి వైపు చూపించింది. "ముందు మీ పెదనాన్నకి సెప్పు. నాను సెప్పలేను. ఎనిమిదేళ్లుగా వొస్తన్నాను, వొస్తన్నాను అని సెప్పుకుంటన్నాను ఆయనకి."

నేను ప్రతిరోజూ మాటలు రాసి బతికేదాన్ని. దారివైపు, రాయికి ఎడం పక్కన నిలబడ్డాను. పెదనాన్నా, అని ఒక్క మాట అన్నాను.

"అటుపక్క కాదే," అంది పెద్దమ్మ. "ఆయనకి ఎడం చెవి ఇనబడదు. రిఫైనరీలో బాయిలర్ కాడ పనిసేసి పోగొట్టుకున్నాడు. నలబై ఏళ్లు నాను కుడిపక్కనే పడుకున్నాను, రాత్రి పిలిస్తే ఇనపడాలని. కుడిపక్కకెళ్లి సెప్పు."

కుడిపక్కన కొత్త సమాధి. రాయికీ ఆ మట్టికీ మధ్య జానెడు చోటు తప్ప ఏమీ మిగల్లేదు. చెప్పులు విప్పి, అందులో ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, రెండోవాళ్ల పూలు తొక్కకుండా, వంగి నిలబడ్డాను.

"పెదనాన్నా, పెద్దమ్మ ఇక్కడికి రాదు," అన్నాను. "నేనే రాకుండా చేశాను."

"గట్టిగా సెప్పు," అంది పెద్దమ్మ.